సెల్లార్ గోడల్లో పగుళ్లు, నీటి ఊట: విజయవాడ ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో సెల్లార్ ఉన్నవాళ్లు జూన్ నుంచి నవంబరు దాకా గోడల మీద ఒక కన్నేసి ఉంచాల్సిందే. ఊరికి దక్షిణాన కృష్ణ. ఊళ్లోంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు పారుతుంటాయి. అటు పక్క బుడమేరు. ఇన్ని నీళ్ల మధ్య భూమిలోకి పదడుగులు తవ్వి గోడ కడితే, ఆ గోడ సగం ఏడాది నీళ్లను ఆపుతూనే నిలబడాలి. ఎక్కడ చిన్న సందు దొరికినా నీరు లోపలికి వస్తుంది.

ఇళ్లవాళ్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఒక విషయం మాత్రం ముందే చెప్పాలి. పగులు పూడ్చడం చివరి పని. ఆ నీళ్లు ఎక్కడివి, ఆ పగులు ఇంకా కదులుతోందా అన్న రెండూ తేలకుండా గోడలోకి ఏ కెమికల్ ఎక్కించినా డబ్బు దండగే.

ఎండాకాలం చుక్క కూడా రాదు. వానలు మొదలయ్యాక గోడ చెమ్మగిల్లి, ఆగస్టు నాటికి ధార కడుతోంది. ఎందుకని?

భూమిలో నీటి మట్టం పైకి వచ్చింది కాబట్టి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు, వానలుండవు, బోర్లు తోడేస్తుంటాయి. అప్పుడు నీటి మట్టం మీ సెల్లార్ నేలకంటే కిందకు దిగుతుంది. పగులు అప్పుడూ అక్కడే ఉంటుంది, కానీ దాని వెనక నీళ్లుండవు. వానలు పడి, కాలువలకు నీళ్లు వదిలాక మట్టం గోడ సగానికి ఎక్కిందనుకోండి, కథ మారిపోతుంది.

గోడ వెనక ఒక మీటరు ఎత్తున నీరు నిలిస్తే అడుగున ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు ఒక టన్ను ఒత్తిడి పడుతుంది. రెండు మీటర్లు నిలిస్తే రెండు టన్నులు. తడిసిన మట్టి బరువు దీనికి అదనం. అందుకే గోడ పైభాగం పొడిగా ఉన్నా, నేలకు ఆనుకున్న అడుగు, రెండడుగుల మేర ముందుగా కారుతుంది.

నల్లరేగడి ఉన్నచోట ఇంకో ఇబ్బంది ఉంది. గుంటూరు వైపు అయితే ఇది మరీ ఎక్కువ. ఆ మట్టి తడిస్తే ఉబ్బి గోడను తోస్తుంది, ఎండితే కుంచించుకుపోయి గోడకూ మట్టికీ మధ్య నెర్రె విడుస్తుంది. మొదటి వాననీరు నేరుగా ఆ నెర్రెలోకి దిగి గోడ అడుగుకు చేరుతుంది. సెల్లార్ చుట్టూ నాలుగడుగుల వెడల్పున కాంక్రీటు వేసి, బయటికి వాలు పెడితే ఈ ఒక్క దారైనా మూసుకుంటుంది.

అది నేల ఊటో, సంపు లీకో, డ్రైనేజీ నీరో ఎలా తెలుస్తుంది?

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. కానీ ఎక్కువమంది దీన్ని దాటేసి మేస్త్రిని పిలుస్తారు.

మొదట కాలం చూడండి. మే నెల నడి ఎండల్లో కూడా గోడ తడిగా ఉంటే అది నేల ఊట అయ్యే అవకాశం తక్కువ. ఇంట్లో నీళ్లే ఎక్కడో పోతున్నాయి. సంపు అనుమానం ఉంటే రాత్రి పడుకునే ముందు మున్సిపల్ నీళ్లు వచ్చే వాల్వు కట్టేసి, మోటారు ఆపి, సంపులో నీటి మట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. తెల్లారేసరికి గీత కంటే నీరు దిగితే సంపు కారుతున్నట్టే. గీత కంటే నీరు పైకి వస్తే అది ఇంకా పెద్ద సమస్య. బయటి నీరు సంపులోకి వస్తోందన్నమాట. పక్కన డ్రైనేజీ ఉంటే మీరు తాగే నీళ్లలో అది కలుస్తోంది. గోడ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ నీళ్లు వాడటం ఆపండి.

డ్రైనేజీ అయితే వాసనే చెప్తుంది, ఒక్కోసారి నురగ కూడా వస్తుంది. తేల్చుకోవాలంటే పై అంతస్తు బాత్రూముల్లో మిఠాయిల్లో వేసే ఆహార రంగు గట్టిగా కలిపి పోసి, ఒకటి రెండు రోజులు సెల్లార్ గోడ గమనించండి. రంగు కనిపిస్తే సందేహం లేదు. కనిపించకపోతే మాత్రం డ్రైనేజీ కాదని తీర్మానించకండి, మట్టిలోంచి వచ్చేటప్పుడు రంగు విరిగిపోతుంది.

ఇళ్లల్లో ఫిల్టర్ నీళ్లకు వాడే టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) ఇక్కడ బాగా పనికొస్తుంది. సంపు నీరు, బోరు నీరు, గోడలోంచి కారే నీరు మూడు గ్లాసుల్లో పట్టి మూడింటి అంకెలూ రాసుకోండి. కారే నీటి అంకె సంపు నీటిలాగే తక్కువగా ఉంటే అది పైపు లీకో, సంపు లీకో, అప్పుడే పడ్డ వాననీరో. ఎక్కువగా ఉంటే మాత్రం తొందరపడి ఊట అనకండి. కాంక్రీటులోంచి వచ్చే నీరు దాన్లోని సున్నాన్ని కరిగించుకొస్తుంది కాబట్టి మంచినీటికి కూడా అంకె పెరగొచ్చు.

కారడం లేదు, గోడ మీద చిన్న చిన్న బొట్లు మాత్రం కనిపిస్తున్నాయి. అది కూడా లీకేనా?

కాకపోవచ్చు. వానాకాలం ఉక్కపోతలో గాలిలోని తేమ చల్లటి గోడ మీద చేరి బొట్లు కడుతుంది. రెండడుగుల పాలిథిన్ కాగితం గోడకు అంటించి, నాలుగు అంచులూ టేపుతో మూసేసి, ఒక రోజు ఆగి తీసి చూడండి. కాగితానికి గది వైపు తడి ఉంటే గాలిలో తేమ. గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచే వస్తోంది. గాలి తేమకు వాటర్‌ప్రూఫింగ్ అక్కర్లేదు, గాలి ఆడేలా ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకుంటే చాలు.

ఏ పగులుకు భయపడాలి, ఏ పగులుకు అక్కర్లేదు?

పగులు పోయే దిక్కు, వెడల్పు, కదలిక ఈ మూడింటిని బట్టి చెప్పొచ్చు.

పై నుంచి కిందకు నిలువుగా, వెంట్రుకంత సన్నగా, అక్కడక్కడా ఉన్న పగుళ్లు చాలావరకు కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల వచ్చినవే. విజయవాడ మే ఎండల్లో పోసి, నాలుగు రోజులు నీళ్లు కొట్టి వదిలేసిన గోడల్లో ఇవి మామూలు. నీరు కారడం తప్ప గోడ బలానికి వీటివల్ల వెంటనే వచ్చే ముప్పు లేదు. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కూడా మట్టికీ నేల నీటికీ తగిలే భాగాల్లో పగులు 0.2 మిల్లీమీటర్లు మించకూడదని చెప్తుంది. అంటే అసలు పగులే ఉండకూడదని కాదు, ఉన్నా సన్నగా ఉండాలని.

గోడ మధ్య ఎత్తులో అడ్డంగా సాగే పగులు వేరు. బయటి మట్టి, నీరు కలిసి తోస్తుంటే గోడ లోపలికి వంగుతోందని అర్థం. గోడ పొడవునా ఒక దారం బిగించి చూడండి, పొట్ట వచ్చిందేమో తెలుస్తుంది. ఇటుక గోడలో మెట్లు మెట్లుగా పోయే పగులు, ఒక చివర సన్నగా మొదలై మరో చివర వెడల్పయ్యే పగులు, రెండంచులూ ఒకే మట్టంలో లేని పగులు, ఇవి పునాది ఒకవైపు దిగుతోందనడానికి గుర్తులు కావచ్చు. పై అంతస్తులో తలుపులు ఉన్నట్టుండి పట్టేస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఇలాంటప్పుడు వాటర్‌ప్రూఫింగ్ వాళ్లకంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి. నీరు ఆపేయడం వల్ల గోడ బలం తిరిగి రాదు.

ఇంకొకటి. కారే నీళ్లు తేటగా ఉన్నంతవరకు కొంత వ్యవధి ఉంటుంది. నీళ్లతోపాటు మట్టో, సన్న ఇసుకో వస్తుంటే ఆలస్యం చేయొద్దు. గోడ వెనక, ఒక్కోసారి పునాది కింద కూడా మట్టి కొట్టుకుపోయి ఖాళీ ఏర్పడుతోంది. పైన ర్యాంపో, కాంపౌండు గోడో ఉంటే అది కుంగిపోవచ్చు.

కదులుతోందో లేదో తెలియాలంటే పగులు రెండు చివర్లలో పెన్సిలు గీత పెట్టి పక్కన తేదీ రాయండి. పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్కను ఎపాక్సీతో అతికించండి. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచేలోగా గాజు పగిలినా, పగులు గీత దాటినా అది బతికున్న పగులు. ఇంజినీర్లు దీనికి మిల్లీమీటరు గీతలున్న ప్లాస్టిక్ గేజి వాడతారు, కానీ గాజు ముక్క కూడా అబద్ధం చెప్పదు.

గోడ మీద తెల్లటి ఉప్పు పేరుకుంటోంది. తుప్పు మరక కూడా ఉంది.

తెల్లటి ఉప్పు నీరు ఆరిపోగా మిగిలిన లవణాలు, సున్నం. చూడ్డానికి బాగోదు, ప్లాస్టరింగ్ రాలుతుంది, అంతకుమించి ఏమీ కాదు. తుప్పు మరకను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. లోపలి ఇనుప కమ్మీలకు నీరు తగిలింది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు రెట్లకు మించి చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోతుంది. అక్కడ ముందు కాంక్రీటు చెక్కి, కమ్మీ తుప్పు గీకి, బాగా సన్నబడిన కమ్మీకి తోడు కమ్మీ వేసి, రిపేరు మోర్టారుతో పూడ్చాకే పగులు పని చేయించాలి.

లోపల ప్లాస్టరింగ్ కొట్టి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే సరిపోతుందని మేస్త్రి అంటున్నారు.

సరిపోదు. నీరు గోడ వెనక నుంచి తోస్తోంది, పెయింటు ముందు వైపు ఉంది. టన్నుల ఒత్తిడికి పల్చటి రంగు పొర ఎంతకాలం ఆగుతుంది? మొదట బుడగలు వస్తాయి, తర్వాత పొరలు పొరలుగా లేచిపోతుంది. ఈలోగా పగులు ఎక్కడుందో కనపడకుండా పోతుంది. ఈ పని ఎండాకాలంలో చేస్తారు, పొడిగోడ మీద మెరిసిపోతుంది, బిల్లు తీసుకుంటారు. ఆగస్టులో అసలు రంగు బయటపడుతుంది.

లోపలి వైపు పూసేవాటిలో నేను నమ్మేది క్రిస్టలైన్ పూత ఒక్కటే. అది పైన పొరగా ఉండిపోదు. తడి కాంక్రీటు రంధ్రాల్లోకి వెళ్లి, అక్కడి సున్నంతో కలిసి కరగని స్ఫటికాలుగా పెరిగి రంధ్రాలను మూస్తుంది. అయితే అది గోడంతా పరుచుకున్న చెమ్మకు, వెంట్రుకవాసి పగుళ్లకు మాత్రమే. పాత పెయింటు, ప్లాస్టరింగ్ పూర్తిగా చెక్కి అసలు కాంక్రీటు మీద, అదీ తడిపి వేయాలి. ధార కట్టే పగులును, కదిలే పగులును అది ఆపలేదు.

ప్యాకర్లు పెట్టి కెమికల్ ఎక్కించడం అంటే ఏం చేస్తారు? మేం దగ్గరుండి ఏం గమనించాలి?

ఆర్‌సీసీ గోడ పగులుకు చాలావరకు ఇదే సరైన పని. ప్యాకర్ అంటే బెజ్జంలో బిగించే చిన్న గొట్టం, దాని ద్వారానే పంపుతో కెమికల్ లోపలికి పోతుంది. పగులు పొడవునా పైనున్న ప్లాస్టరింగ్ చెక్కేసి అసలు పగులును బయటపెడతారు. తర్వాత పగులుకు ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు మారుస్తూ గోడలోకి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో బెజ్జాలు వేస్తారు. బెజ్జం గోడ మందం మధ్యలో పగులును దాటాలి, అసలు కిటుకు అక్కడే ఉంది. తొమ్మిదంగుళాల గోడ అయితే బెజ్జం పగులుకు నాలుగున్నర అంగుళాల దూరంలో మొదలవ్వాలి. పగులు మీదే నిటారుగా బెజ్జం పెడుతున్నవాళ్లను చూస్తే పని ఆపించండి. కెమికల్ పైపైన నిండి, లోపల పగులు ఖాళీగా మిగులుతుంది. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య ఆరు నుంచి పది అంగుళాలు చాలు. కమ్మీ తగిలితే దాన్ని కోయకుండా బెజ్జాన్ని పక్కకు జరపాలి.

బెజ్జాల్లో దుమ్ము ఊడగొట్టి, ప్యాకర్లు బిగించి, ముందు ఉత్త నీళ్లు ఎక్కించి చూడాలి. నీళ్లు పగులులోంచి బయటికి వస్తే బెజ్జం పగులును కలిసిందని రుజువు, లోపలి మట్టి కూడా కడుక్కుపోతుంది. చాలామంది ఈ మెట్టు ఎగ్గొడతారు. దగ్గరుండి అడిగి చేయించుకోవాల్సింది ఇదే.

నిలువు పగులుకు అట్టడుగు ప్యాకర్ నుంచి మొదలుపెట్టాలి. పై ప్యాకర్‌లోంచి కెమికల్ బయటికి వచ్చేదాకా ఎక్కించి, అప్పుడు పైదానికి వెళ్లాలి. చివరిదాకా వెళ్లాక గట్టిపడేలోగా మళ్లీ కింద నుంచి ఇంకోసారి ఎక్కిస్తే మిగిలిన ఖాళీలు నిండుతాయి. పంపు ప్రెషరు మెల్లగా పెంచాలి. ఒక్కసారిగా పెంచితే కాంక్రీటు పెచ్చు ఊడుతుంది. మర్నాడు ప్యాకర్లు తీసి, బెజ్జాలను కుంచించుకుపోని మోర్టారుతో పూడుస్తారు.

పనివాళ్ల సంగతి కూడా చూడండి. ఇలా ఎక్కించే పీయూ (పాలీయురెథేన్) కెమికల్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి కళ్లకూ ఊపిరితిత్తులకూ మంచివి కావు. గాలి ఆడని సెల్లార్‌లో ఫ్యాను పెట్టించండి. గ్లవుజులు, కళ్లద్దాలు, మాస్కు లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి. తడి నేల మీద డ్రిల్లింగ్ మిషను నడుస్తుంది కాబట్టి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉన్న లైను నుంచే కరెంటు ఇవ్వండి.

పీయూ మంచిదా, ఎపాక్సీ మంచిదా?

రెండూ వేరు వేరు పనులకు. ఎపాక్సీ గట్టిపడ్డాక పగులు రెండంచులనూ కాంక్రీటు కంటే బలంగా కలిపి పట్టుకుంటుంది. గోడ బలం తిరిగి రావాలంటే అదే. కానీ మామూలు ఎపాక్సీ తడి పగులులో సరిగా పట్టుకోదు, అది సాగదు కూడా. కదిలే పగులును ఎపాక్సీతో బిగిస్తే దాని పక్కనే కొత్త పగులు పుడుతుంది. అందుకని పగులు పొడిగా ఉండి, కదలిక ఆగాకే ఎపాక్సీ.

నీరు కారే పగులుకు పీయూ. ఇందులోనూ రకాలున్నాయి, బేరమాడేటప్పుడు ఇవి తెలిసి ఉండాలి. నీరు తగలగానే నురగలా పొంగేది ధారను నిమిషాల్లో ఆపుతుంది, కానీ ఆ నురగలో గాలి గదులు ఎక్కువ, ఎక్కువ కాలం నమ్మలేం. మొదట దాంతో ధార ఆపి, వెంటనే రెండో విడతగా పొంగని, సాగే పీయూ రెసిన్ ఎక్కిస్తేనే పని పూర్తయినట్టు. ఒక్క నురగతో ముగించి వెళ్లిపోయే పని తక్కువ ధరకే వస్తుంది, రెండో వానాకాలానికి మళ్లీ కారుతుంది.

నీటిని పీల్చుకుని జెల్‌లా ఉబ్బే రకం ఇంకొకటి. ఏడాది పొడవునా తడిగా ఉండేచోట అది బాగా పనిచేస్తుంది. మన ఊళ్లో వేసవికి నీటి మట్టం దిగి గోడ ఎండిపోతుంది, ఆ జెల్ కూడా ఎండి కుంచించుకుపోతుంది. మొదటి వానలకు అది మళ్లీ ఉబ్బేలోగా నీరు దూరేస్తుంది. అందుకే విజయవాడ సెల్లార్లకు నేను దాన్ని సూచించను. నీటిని పీల్చుకోని రకమే అడగండి.

ఇప్పుడే ధారగా కారుతోంది, కార్లు తడిసిపోతున్నాయి. ఈ పూటకు ఏం చేయాలి?

ధారను ఎదురుగా మూయబోకండి, దారి ఇవ్వండి. ఎక్కువ కారేచోట కొంచెం చెక్కి, చిన్న ప్లాస్టిక్ పైపు దూర్చి, దాని చుట్టూ క్షణాల్లో గట్టిపడే సిమెంటు ప్లగ్ నొక్కి పెట్టండి. అది మూడు నుంచి ఐదు నిమిషాల్లో బిగుస్తుంది, అందుకే గుప్పెడు గుప్పెడుగానే కలుపుకోవాలి. నీరంతా పైపులోంచి బకెట్లోకో, కాలువలోకో పోతుంది, చుట్టుపక్కల గోడ ఆరుతుంది. తర్వాత తీరిగ్గా ప్యాకర్ పని చేయించి, చివర్లో పైపు మూసేస్తారు. కరెంటు మీటర్లు, ప్యానెల్ బోర్డు ఆ గోడకే ఉంటే మాత్రం ముందు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

గోడలో పగులే లేదు. నేలా గోడా కలిసేచోట గీత పొడవునా ఊరుతోంది.

రాఫ్ట్ (అడుగున పరిచే పునాది స్లాబు) ఒక రోజు పోస్తారు, గోడ ఇంకో రోజు పోస్తారు. పాత కాంక్రీటుకూ కొత్త కాంక్రీటుకూ మధ్య ఉన్న ఆ అతుకే అన్ని సెల్లార్లలోకీ బలహీనమైన చోటు. పోసేటప్పుడు అక్కడ పీవీసీ వాటర్‌స్టాప్ పట్టీ పెట్టి ఉండాలి. పెట్టనిచోట, పెట్టినా మడతపడ్డచోట ఊరుతుంది. దీనికి కూడా ప్యాకర్ల పనే, కానీ తడి కనిపించిన రెండడుగుల మేర మాత్రమే చేయిస్తే నీరు పక్కకు జరిగి కారుతుంది. ఒక మూల నుంచి ఇంకో మూలదాకా పూర్తిగా చేయించాలి. ఆ తర్వాత మూలలో మోర్టారుతో గుండ్రటి గోలా కట్టించండి.

మొదట లిఫ్టు గుంతలోకే నీళ్లు వస్తున్నాయి.

సెల్లార్ మొత్తంలో అన్నిటికంటే లోతైన చోటు అదే, కాబట్టి మట్టం పెరగ్గానే మొదట తడిసేదీ అదే. లిఫ్టు కంపెనీ మనిషి దగ్గరుండి లిఫ్టును పైన ఆపి, కరెంటు తీసి తాళం వేశాకే ఎవరైనా అందులోకి దిగాలి. గుంత నాలుగు గోడలు, అడుగు అన్నీ ఒకేసారి చేయించాలి. ఒక గోడ చేస్తే పక్క గోడలోంచి వస్తుంది.

మాది పాత ఇల్లు. సెల్లార్ గోడ ఇటుకది, రాయిది.

ఇటుక గోడకు ఒక పగులు అని ఉండదు, ప్రతి అతుకూ దారే. ప్యాకర్‌తో పీయూ ఎక్కిస్తే లీటర్లకు లీటర్లు మింగేసి ఎటో పోతుంది. ముందు సిమెంటు పాలతో గ్రౌటింగ్ చేసి గోడలోని ఖాళీలు నింపాలి. అయినా ఆగకపోతే లోపలి వైపు కమ్మీలతో కొత్త ఆర్‌సీసీ గోడ, దానితో కలిసేలా నేల స్లాబు పోయించడం ఉత్తమం. చోటు తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది, ఇంజినీరు డిజైన్ కావాలి. వన్‌టౌన్‌లో, మొగల్రాజపురంలో కొండను ఆనించి కట్టిన ఇళ్లకు సమస్య ఇంకోలా ఉంటుంది. వాననీరు రాతి మీదుగా జారి గోడ వెనక చేరుతుంది. అక్కడ పై వైపున కాలువ తీసి నీటిని పక్కకు మళ్లించడం, గోడలో నీరు పోయే గొట్టాలు పెట్టడం ముందు చేయాలి.

బయట వైపు తవ్వి చేస్తే శాశ్వతంగా పోతుందా?

అన్నిటికంటే మంచి పద్ధతి అదే. నీరు గోడకు తగలకముందే ఆగుతుంది, బయట అంటించే నీరు దూరని పొరైన మెంబ్రేన్‌ను నీటి ఒత్తిడే గోడకు ఇంకా అదుముతుంది. అయితే మన ఊళ్లో చాలా అపార్ట్‌మెంట్లకు సెల్లార్ గోడకూ పక్కవాళ్ల కాంపౌండుకూ మధ్య మనిషి దిగే చోటు ఉండదు. ఉన్నా పదడుగులు తవ్వితే రేగడి విరిగి మీద పడుతుంది, పక్క పునాది బయటపడుతుంది. చోటుంటే, మార్చి నుంచి మే మధ్య, కొద్ది కొద్ది పొడవున, పక్కలకు ఊతం పెట్టి మాత్రమే తవ్వాలి. పూడ్చేటప్పుడు తీసిన నల్లమట్టి మళ్లీ వేయకుండా ఇసుక, గ్రావెల్ వేయించండి.

ఏ నెలలో పని పెట్టుకోవాలి?

కారేచోట్లు గుర్తుపెట్టడానికి ఆగస్టు నుంచి అక్టోబరు. అప్పుడే ప్రతి చోటూ కళ్లకు కనపడుతుంది. గోడ మీదే రంగు సుద్దతో గీతలు గీసి ఫొటోలు తీయండి. పీయూ పని కూడా అప్పుడే చేయిస్తే పని నిలిచిందో లేదో వెంటనే తెలుస్తుంది. ఎపాక్సీ, తుప్పు కమ్మీల రిపేరు, బయటి తవ్వకం వేసవికి ఉంచండి.

ఎంత చేసినా ఊరుతూనే ఉంది. లోపల కాలువ తీసి మోటారు పెట్టుకుంటే తప్పా?

తప్పు కాదు. నెలల తరబడి నీటి మట్టం సెల్లార్ నేలకు పైనే ఉండేచోట అది తెలివైన పనే. గోడ వెంట సన్న కాలువ, ఒక మూల గుంత, ఫ్లోట్ స్విచ్‌తో రెండు మోటార్లు, ఒకటి జనరేటర్ లైనుకు. గుంత మీద మూత తప్పనిసరి, లేదంటే దోమల పెంపకమే. నీటిని వాననీటి కాలువలోకి వదలండి, మురుగు లైనులోకి కాదు.

అయితే మోటారు తోడే నీటిని నెలకోసారి గాజు సీసాలో పట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. అడుగున ఇసుకో, మట్టో పేరుకుంటే పునాది కింద మట్టిని మీరే తోడేస్తున్నట్టు. వెంటనే ఇంజినీరుకు చూపించాలి.

వరదకు సెల్లార్ నిండిపోతే ఎంత త్వరగా తోడేయాలి?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీరు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లను ముంచింది. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటప్పుడు అందరికీ ఉండే ఆత్రం, బయట నీరు తీయగానే సెల్లార్ ఖాళీ చేసేయాలని. కాస్త ఆగండి. బయటి మట్టి ఇంకా నీటితో బరువెక్కి గోడను తోస్తుంటుంది. లోపలి నీరే ఎదురు ఒత్తిడిగా గోడను కాపాడుతుంటుంది. దాన్ని ఒక్క పూటలో తోడేస్తే బలహీనమైన గోడ లోపలికి విరగొచ్చు, నేల స్లాబు పైకి ఉబ్బొచ్చు. రోజుకు రెండు మూడడుగులకు మించకుండా దించుతూ, రాత్రి మట్టం గుర్తుపెట్టి, పొద్దున మళ్లీ పెరిగితే ఇంకో రోజు ఆగడం మంచిది. ఇటుక గోడలకు ఇది మరీ ముఖ్యం.

ఇంటి కరెంటు పూర్తిగా ఆగిందని తెలిశాకే నీటిలో కాలు పెట్టాలి. డీజిల్ పంపును, జనరేటర్‌ను సెల్లార్ లోపల నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని నిమిషాల్లో పడగొడుతుంది.

పక్క స్థలంలో సెల్లార్ తవ్వుతున్నారు. మా గోడలో కొత్త పగుళ్లు వచ్చాయి.

వాళ్లు తవ్వి నీరు తోడుతుంటే మీ పునాది కింద మట్టి కూడా సర్దుకుంటుంది. తవ్వకం మొదలవకముందే మీ గోడలన్నీ తేదీ కనపడేలా ఫొటోలు, వీడియో తీసి పెట్టుకోవాల్సింది. ఇప్పటికైనా తీయండి, గాజు ముక్కలు అతికించండి. మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. తవ్విన గుంత పూడి, అక్కడ గోడ లేచేదాకా మీ పగులు పూడ్చకండి, అది ఇంకా కదులుతుంది.

ఖర్చు ఎవరిది? బిల్డరుదా, అసోసియేషనుదా, కారు పార్కింగు తడిసిన ఫ్లాటు వాళ్లదా?

పార్కింగు తడిసినవాళ్లది మాత్రం కాదు. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం ఉమ్మడి బేస్‌మెంట్లు ఉమ్మడి భాగాలే, కాబట్టి అందరూ భరించాలి. ఇల్లు అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్లలోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడి మీరు తెలియజేస్తే, అదే చట్టం 14వ సెక్షన్ కింద బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఫోనులో చెప్పి ఊరుకోకండి. ఫొటోలతో లేఖ రాసి స్పీడ్ పోస్టులో పంపండి. నాలుగేళ్లు దాటిన భవనాల అసోసియేషన్లు ఈ వానాకాలంలోనే ఆ పని చేయడం మంచిది.

కొత్తగా కడుతున్నాం. ఇవేవీ రాకుండా ఏం చేయాలి?

అతుకుల్లో వాటర్‌స్టాప్, బయటి వైపు మెంబ్రేన్, దానికి రక్షణ పొర, చుట్టూ ఇసుక, గ్రావెల్. పైపులు గోడను దాటేచోట్లు ముందే నిర్ణయించి స్లీవులు పెట్టించండి, తర్వాత డ్రిల్ చేయించకండి. అన్నిటికంటే చవకైనదీ, అందరూ ఎగ్గొట్టేదీ క్యూరింగ్. షాపుల్లో ఎక్కువగా దొరికేది పీపీసీ (ఫ్లై యాష్ కలిసిన) సిమెంటు. వేడి, పొడి వాతావరణంలో అలాంటి సిమెంటుకు 14 రోజులు తడి ఆరకుండా చూడాలని ఐఎస్ 456 సూచిస్తుంది. నిలువు గోడ మీద నీళ్లు నిలవవు కాబట్టి గోనెపట్టాలు కట్టి తడపాలి.

కొటేషన్లు ఒక్కొక్కరు ఒక్కోలా ఇస్తున్నారు. ఎలా పోల్చాలి?

ఒకరు ప్యాకర్‌కు ఇంత అంటారు, ఒకరు కెమికల్ కిలోకు ఇంత అంటారు, ఇంకొకరు అడుగుకు ఇంత అంటారు. ప్యాకర్ లెక్కయితే ప్యాకర్లు పెరుగుతాయి, కిలో లెక్కయితే కెమికల్ ఎటు పోయినా బిల్లు మీదే. పగులు పొడవును కొలిచి, అడుగు లెక్కన, ఎన్ని కిలోలు పట్టినా అదే ధర అని రాయించుకోవడం ఇంటివాళ్లకు మేలు. కొటేషన్‌లో కెమికల్ కంపెనీ పేరు, రకం, నురగ తర్వాత రెసిన్ రెండో విడత ఉందా, ప్లాస్టరింగ్ తిరిగి ఎవరు వేస్తారు, ఇవన్నీ ఉండాలి. సీలు తీయని డబ్బాలే రావాలి, తయారీ తేదీ మీరే చూసుకోండి.

పదేళ్ల గ్యారంటీ అని ఊరికే రాసిచ్చే కాగితం కంటే, బిల్లులో కొంత భాగం వానాకాలం పూర్తయ్యాక ఇచ్చేలా ఒప్పుకునే మనిషిని ఎంచుకోండి. గ్యారంటీలో చేసిన పగులు ఒక్కటే ఉంటుందా, దాని పక్కన ఊరినా వస్తారా అన్నది ముందే రాయించండి. పని చేసిన ప్రతి పగులును గోడ బొమ్మ మీద గుర్తుపెట్టి, ఇద్దరూ సంతకం చేసి అసోసియేషన్ ఫైల్లో పెట్టుకుంటే, మళ్లీ కారినప్పుడు అది పాత పగులా కొత్తదా అన్న వాదన ఉండదు.